కామ్‌లెక్స్‌కు ఏం కొనాలి? ఏం వదిలేయాలి?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. పదో తరగతి వరకు గుంటూరులో చదివి, తరువాత అమ్మానాన్నలతో అమెరికా వచ్చాను. ఇప్పుడు ఇక్కడ మందులు, శస్త్రచికిత్సతో పాటు చేతులతో చేసే చికిత్స కూడా నేర్పే ఒక ఆస్టియోపతిక్ వైద్య కళాశాలలో డీఓ పట్టా కోసం రెండో సంవత్సరం చదువుతున్నాను. మా వైద్య విద్యార్థులు లైసెన్సు కోసం రాసే కామ్‌లెక్స్ పరీక్షల్లో మొదటిదైన లెవెల్ 1 జూన్‌లో రాయాలి. ఇంకా ఐదు నెలలు ఉంది. ఏ పుస్తకాలు, ఏ ప్రశ్నల బ్యాంకులు కొనాలో తేలడం లేదు. సీనియర్లు ఇచ్చిన జాబితాలో పదకొండు ఉన్నాయి. అన్నీ కొంటే రెండు వేల డాలర్లు దాటుతుంది. ఇక్కడి మామూలు వైద్య పట్టా అయిన ఎండీ చదువుతున్న మా పెదనాన్నగారి అబ్బాయి ‘మేం రాసే లైసెన్సు పరీక్ష యూఎస్‌ఎంఎల్ఈకి చదివేవే చదువు, ఓఎంఎం, అదే మీ చేతి చికిత్స సంగతి చివరి వారంలో చూసుకోవచ్చు’ అంటున్నాడు. నా స్నేహితురాలు ఇప్పటికే మూడు ప్రశ్నల బ్యాంకులు తీసుకుంది. అది తెలిసినప్పటి నుంచి నాకు రాత్రిళ్లు సరిగా నిద్ర పట్టడం లేదు. నేను వెనకబడిపోతున్నానా? ఇంకొక మాట. మార్చిలో నా పుట్టినరోజుకు చదువుకు పనికొచ్చేది ఏదైనా కొనిపెడతానని నాన్న అంటున్నారు. ఏది అడగమంటారు?
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ముందు మీ నిద్ర సంగతి. మీ స్నేహితురాలు మూడు ప్రశ్నల బ్యాంకులు కొన్నంత మాత్రాన మీరు వెనకబడలేదు. ఆమె ముందుకు వెళ్లనూ లేదు. కొనడానికి ఒక సాయంత్రం చాలు, పూర్తి చేయడానికి నెలలు పడుతుంది. మీ జాబితాలోని పదకొండింటిలో నాలుగు ఉంటే సరిపోతుందని నా నమ్మకం. అవేవో చెబుతాను. కానీ అంతకన్నా ముందు, ఏది ఉంచుకోవాలో ఏది తీసేయాలో మీరే తేల్చుకోవడానికి పనికొచ్చే కొలత ఒకటి చెప్పాలి. లెవెల్ 1 అయ్యాక లెవెల్ 2 ఉంది, రెసిడెన్సీలో, అంటే పట్టా తరువాతి ఆసుపత్రి శిక్షణలో, చేరాక లెవెల్ 3 ఉంది. ప్రతిసారీ ఎవరో ఒకరు కొత్త జాబితా తెచ్చి మీ చేతిలో పెడుతూనే ఉంటారు.

గుంటూరులో చదివానన్నారు కాబట్టి ఎక్కాలు అప్పజెప్పడం మీకు గుర్తుండే ఉంటుంది. పదమూడో ఎక్కాన్ని పుస్తకంలో చూస్తున్నంతసేపూ అంతా వచ్చినట్టే ఉంటుంది. పుస్తకం మూసి, మాస్టారి ఎదుట చేతులు కట్టుకుని నిలబడి, ‘పదమూడు ఎనిమిదుల...’ అనేసరికి నోరు ఆగిపోతుంది. ఆ ఆగిన చోటు తప్ప మనం ఆ రోజు నేర్చుకోవలసింది మరేమీ లేదు. మాస్టారు వెనక్కి పంపేది కూడా ఆ ఒక్క మెట్టు కోసమే.

వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఈ విషయాన్నే కళాశాల విద్యార్థుల మీద పరీక్షించి చూశారు. ఒక పాఠాన్ని కొందరి చేత నాలుగు విడతలు చదివించారు. మరికొందరి చేత ఒక విడత చదివించి, మిగిలిన మూడు విడతలూ పాఠం చూడకుండా గుర్తు చేసుకుని రాయించారు. ఐదు నిమిషాల తరువాత పరీక్ష పెడితే, పదేపదే చదివినవాళ్లదే పైచేయి. వారం తరువాత పెడితే మాత్రం లెక్క తారుమారైంది. చదివినవాళ్లకు 40 శాతం గుర్తుంది, అప్పజెప్పినవాళ్లకు 61 శాతం గుర్తుంది. మీ పరీక్ష ఐదు నిమిషాల తరువాత కాదు, ఐదు నెలల తరువాత.

కాబట్టి ఏ పుస్తకం, ఏ సబ్‌స్క్రిప్షన్ ఎదురుపడినా ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది నా చేత అప్పజెప్పిస్తుందా, లేక తానే నాకు చదివి వినిపిస్తుందా? చదివి వినిపించేవి మనసుకు హాయిగా ఉంటాయి. ఎంతో పని చేసినట్టు అనిపిస్తుంది. అప్పజెప్పించేవి ఇబ్బంది పెడతాయి, పరువు తీస్తాయి. డబ్బు రెండో రకం మీద పెట్టండి.

ఇది నేను తేలికగా నేర్చుకున్నది కాదు. నేను లెవెల్ 1కు చదివిన రోజుల్లో నా బల్ల మీద పుస్తకాలకు కొదవ లేదు. మూడు రంగుల హైలైటర్లతో పేజీ పేజీ గీసేవాడిని. పరీక్షకు ఏడు వారాల ముందు కళాశాలలో పెట్టిన నమూనా పరీక్ష తప్పాను. ఆ రాత్రి గదికి వచ్చి, తప్పు పెట్టినవాటిలో గుర్తున్న ప్రశ్నలను ఒక్కొక్కటిగా పుస్తకంలో వెతికాను. సగానికి పైగా జవాబులు అప్పటికే పసుపు రంగులో గీసి ఉన్నాయి. నేను వాటిని చదివాను, గీశాను, పేజీ తిప్పాను. ఒక్కసారి కూడా పుస్తకం మూసి చెప్పుకోలేదు. మరుసటి రోజు హైలైటర్లు పక్కన పడేసి ఒక ప్రశ్నల బ్యాంకు ముందు కూర్చున్నాను. మీరు ఆ ఏడు వారాల భయం పడకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇక పరీక్ష సంగతి. కామ్‌లెక్స్‌ను నిర్వహించే ఆస్టియోపతిక్ వైద్యుల జాతీయ పరీక్షా మండలి, అంటే ఎన్‌బీఓఎంఈ, పరీక్షలో ఏ అంశానికి ఎంత వాటా ఉంటుందో చెప్పే బ్లూప్రింట్‌ను తన వెబ్‌సైటులో ఉచితంగా ఉంచుతుంది. మీ సీనియర్ల జాబితాలో అది ఉందో లేదో చూడండి. సాధారణంగా ఉండదు, ఎందుకంటే దాన్ని ఎవరూ అమ్మరు. దాన్ని ముద్రించుకుని గోడకు అంటించండి. పరీక్ష రెండు వైపుల నుంచి కొలుస్తుందని దానిలో కనిపిస్తుంది. రోగి ఏ బాధతో వచ్చాడన్నది ఒక వైపు, వైద్యునిగా మీరు ఏ నైపుణ్యం చూపాలన్నది మరొక వైపు. ఆ రెండో వైపున ఆస్టియోపతిక్ సూత్రాలకు, చేతి చికిత్సకు కనీసం 10 శాతం కేటాయించారు. నీతి, రోగితో మాట్లాడే తీరు, సమాజ ఆరోగ్యం వంటివాటికీ వాటా ఉంది. మన పిల్లలు బయోకెమిస్ట్రీకి భయపడినంతగా వీటికి భయపడరు. మార్కులు పోగొట్టుకునేది తరచుగా ఇక్కడే. మండలి ఇచ్చే నమూనా ప్రశ్నలు కూడా అక్కడే దొరుకుతాయి. ఏదైనా కొనేముందు ఒక ఆదివారం వాటితో గడపండి.

మీ అన్నయ్య మాటలో సగం నిజం ఉంది. గుండె, మూత్రపిండాలు, సూక్ష్మజీవులు, మందులు ఎండీ విద్యార్థికైనా డీఓ విద్యార్థికైనా ఒకటే. ఆ భాగానికి యూఎస్‌ఎంఎల్ఈ కోసం తయారైన సామగ్రి చాలా బాగుంటుంది, సందేహం లేదు. రెండో సగంతోనే నాకు పేచీ. చివరి వారంలో ఓఎంఎం చూసుకోవచ్చన్న మాట విని దెబ్బ తిన్న పిల్లలను ప్రతి ఏడాదీ చూస్తున్నాను.

ఒక రోగిని తీసుకుందాం. నలభై రెండేళ్ల మహిళ, నూనె వంటకాలు తిన్న తరువాత కుడివైపు పక్కటెముకల కింద నొప్పితో వచ్చింది. యూఎస్‌ఎంఎల్ఈ అయితే, పిత్తాశయంలోని రాయి ఏ నాళంలో ఇరుక్కుందని అడుగుతుంది. లేదా ఏ ఎంజైము పెరుగుతుందని అడుగుతుంది. కామ్‌లెక్స్ అదీ అడగవచ్చు. దానితో పాటు, ఆమె వీపు మీద చేయి పెడితే కండరం బిగుసుకుని, తాకితే నొప్పి కలిగే చోటు ఏ వెన్నుపూసల దగ్గర దొరుకుతుందని కూడా అడుగుతుంది. పిత్తాశయానికి వెళ్లే సింపథెటిక్ నాడులు (మన ప్రమేయం లేకుండా అవయవాలను నడిపే నాడులు) టీ5 నుంచి టీ9 వరకు, అంటే ఛాతీ వెనక ఐదో వెన్నుపూస నుంచి తొమ్మిదోదాని వరకు, ఉన్న మట్టంలో బయలుదేరతాయి కాబట్టి జవాబు అక్కడ, కుడివైపున ఉంటుంది. నాడుల దారి తెలిసినవారికి ఇది బట్టీ పట్టవలసిన అంకె కాదు. శరీర నిర్మాణ శాస్త్రంలో మొదటి ఏడాది చదివినదే మరో తలుపు గుండా లోపలికి వస్తోంది. చివరి వారంలో పట్టిక చూసి మింగినవారికి మాత్రం టీ5–టీ9, టీ10–టీ11, టీ12–ఎల్2 (ఎల్ అంటే నడుము వెన్నుపూస) అన్నీ కలిసి ముద్దయిపోతాయి.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు వెళతాను. ఊరికి ఫోను చేసినప్పుడు డీఓ చదువుతున్నానంటే కొందరు ఎముకల డాక్టరా అని అడుగుతారు. డాక్టరు బంధువులైతే కంటి వైద్యంలో డిప్లొమా అనుకుంటారు, ఎందుకంటే మన దేశంలో ఆ రెండక్షరాలకు ఎంతోకాలంగా ఆ అర్థం ఉంది. ఇలా చెప్పి చెప్పి అలసిపోయి, మనవాళ్లలో కొందరు ఓఎంఎంను దాచుకోవలసిన విషయంలా చూడడం మొదలుపెడతారు. దయచేసి అలా చూడకండి. ఆండ్రూ టేలర్ స్టిల్ 1874లో ఈ ఆలోచనను ప్రకటించి, 1892లో మిస్సోరీ రాష్ట్రంలోని కిర్క్స్‌విల్‌లో మొదటి కళాశాల పెట్టాడు. ఈ రోజు డీఓ పట్టా ఉన్నవారికి అమెరికాలోని యాభై రాష్ట్రాల్లోనూ మందులు రాయడానికీ, శస్త్రచికిత్స చేయడానికీ పూర్తి హక్కు ఉంది. ఆ హక్కుకు దారి ఈ పరీక్ష గుండానే పోతుంది. పరీక్షలోని ఆ పదో వంతు మీ పట్టాకు అదనపు తోక కాదు.

సరే, నాలుగు వస్తువుల దగ్గరకు వద్దాం.

మొదటిది ఒక పెద్ద ప్రశ్నల బ్యాంకు. ఒక్కటే. నా ఎంపిక యూవరల్డ్. అది యూఎస్‌ఎంఎల్ఈ కోసం తయారైనదే అయినా, ప్రతి ప్రశ్న కింద ఇచ్చే వివరణ కోసమే దాన్ని ఎంచుకుంటాను. సరైన జవాబు ఎందుకు సరైనదో చెప్పి ఊరుకోదు, మిగిలినవి ఎందుకు తప్పో కూడా చెబుతుంది. ఒక లెక్క వేయండి. అందులో మూడున్నర వేలకు పైగా ప్రశ్నలు ఉంటాయి. రోజుకు 40 చేస్తే సుమారు 90 రోజులు పడుతుంది. నలభై ప్రశ్నలు చేయడానికి గంట, వాటి వివరణలు నిజాయితీగా చదవడానికి కనీసం రెండు గంటలు. మీకున్నది ఐదు నెలలు, అందులో మూడు నెలలు తరగతులు, కళాశాల పరీక్షలు ఉంటాయి. ఇక మూడు బ్యాంకులు ఎక్కడ పడతాయి? మూడింటిలో మూడో వంతు చొప్పున చేసినవారికన్నా, ఒక్కదాన్ని చివరి ప్రశ్న వరకు చేసి, తప్పు పోయినవి రెండోసారి చేసినవారు పరీక్ష గదిలో నిబ్బరంగా కూర్చోవడం నేను చూశాను.

విభాగాల వారీగా కాకుండా అన్నీ కలిపి చేయండి. ఈ రోజంతా గుండె ప్రశ్నలే అనుకుని కూర్చుంటే, జవాబు గుండెలో ఉందని ముందే తెలిసిపోతుంది. పరీక్ష ఆ సాయం చేయదు. ఏ సబ్జెక్టులోనైనా పునాదే లేదనిపిస్తే ఒక వారం ఆ సబ్జెక్టు వరకు విడిగా చేయండి, అంతవరకే.

తప్పుల కోసం ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ప్రశ్న మొత్తం ఎక్కించకండి, వివరణ కాపీ చేయకండి. తప్పు ఎందుకు జరిగిందో ఒక్క వాక్యంలో మీ మాటల్లో రాయండి. ‘రెండు మందుల పేర్లు కలిపేశాను’ అన్నది ఒక రకం తప్పు. ‘ప్రశ్నలో “తప్ప” అన్న మాట చూడలేదు’ అన్నది వేరే రకం. ‘అసలు ఈ జబ్బు పేరే వినలేదు’ అన్నది మూడో రకం. నా పాత నోటుపుస్తకం ఇంకా నా దగ్గర ఉంది. దానిలో మొదటి నలభై పేజీల్లో ఎక్కువసార్లు కనిపించే వాక్యం ‘తొందరపడ్డాను’. ఆ ఒక్క మాటకు మందు ఏ పుస్తకంలోనూ లేదు, అందుకే దాన్ని కనిపెట్టడం అంత అవసరం. వారానికి ఒకసారి ఆ పుస్తకం చదవకండి. మీ గదిలో ఉండే అమ్మాయికి ఇచ్చి అడగమనండి, మీరు అప్పజెప్పండి. అడిగేవారికి వైద్యం తెలియనక్కరలేదు. మా ఇంట్లో ఈ పని చాలాకాలం మా అమ్మ చేసింది. పేర్లు సరిగా పలకలేకపోయినా, నేను తడబడిన చోటు మాత్రం తప్పకుండా పట్టుకునేది.

రెండోది కామ్‌లెక్స్ కోసమే తయారైన ప్రశ్నల బ్యాంకు. ట్రూలెర్న్ ఉంది, ఒకప్పుడు దాన్ని కామ్‌బ్యాంక్ అనేవారు. కామ్‌క్వెస్ట్ ఉంది. రెండూ ఉచిత నమూనా ఇచ్చినప్పుడు చెరో ఇరవై ప్రశ్నలు చేసి, ఎవరి వివరణ మీకు బాగా ఎక్కుతుందో అది తీసుకోండి. రెండూ వద్దు. దీన్ని ఏడాదికి తీసుకోవలసిన పని లేదు, చివరి మూడు నెలలకు తీసుకోండి. డబ్బు మిగులుతుంది. దీని పని వైద్యశాస్త్రం నేర్పడం కాదు, ప్రశ్న అడిగే తీరుకు చెవిని అలవాటు చేయడం. కామ్‌లెక్స్ ప్రశ్నలు తరచుగా చిన్నవిగా ఉంటాయి. కొన్నిసార్లు ఇంకొంచెం సమాచారం ఇస్తే బాగుండేది అనిపించేంత క్లుప్తంగా ఉంటాయి. రోగి కథ మధ్యలో వెన్నుపూస తిరిగిన దిశ, బొటనవేలితో నొక్కితే నొప్పి పుట్టిన బిందువు వచ్చి పడతాయి. కొన్నిచోట్ల అవి జవాబుకు తాళంచెవి, కొన్నిచోట్ల ఉన్నాయంతే. ఏది ఏదో తేల్చుకోవడం అలవాటు మీద వస్తుంది.

మూడోది ఓఎంఎంకు ఒక చిన్న పుస్తకం. విద్యార్థులందరూ ‘ఆకుపచ్చ పుస్తకం’ అని పిలిచే సవరీస్ రాసిన ఓఎంటీ రివ్యూ దీనికి చాలు. సీనియర్ల దగ్గర పాత ప్రతి దొరికితే మరీ మంచిది. వెన్నుపూసలు ఏటేటా మారవు. మందుల విషయంలో, టీకాల విషయంలో పాత పుస్తకం ప్రమాదం, ఇక్కడ కాదు. ఒక్క పుస్తకమే అని ఎందుకు పట్టుబడుతున్నానంటే, ఈ విషయంలో పుస్తకానికీ పుస్తకానికీ అంకెలు కొంచెం మారతాయి. గుండెకు సంబంధించిన మట్టాన్ని ఒకరు టీ1 నుంచి టీ5 అంటారు, మరొకరు టీ6 వరకు చెబుతారు. మూడు పట్టికలు ఎదుట పెట్టుకుని ఏది నిజమో తేల్చాలని కూర్చున్న అమ్మాయిని నాకు తెలుసు, నాలుగు రోజులు పోయాయి. పరీక్షలో ఆప్షన్లు అంత దగ్గరగా పెట్టి ఎవరూ ఇబ్బంది పెట్టరు. ఒక పట్టిక పట్టుకుని దానితోనే వెళ్లండి.

ఈ పుస్తకాన్ని రోజుకు ఇరవై నిమిషాలు చదవండి, ఈ రోజు నుంచే. నిలబడి చదవండి. వీలైతే ఎదురుగా ఒక మనిషి వీపు ఉండాలి. ఎందుకో చూపిస్తాను.

స్నేహితురాలిని కుర్చీలో కూర్చోబెట్టి, టీ5 వెన్నుపూసకు రెండు పక్కలా మీ బొటనవేళ్లు ఆనించండి. ఎడమ వేలు కొంచెం వెనక్కి, మీ వైపుకు వచ్చినట్టు ఉందనుకుందాం. అంటే ఆ వెన్నుపూస ఎడమవైపుకు తిరిగి ఉంది. ఇప్పుడు ఆమెను ముందుకు వంగమనండి. ఎడమవైపు ఎత్తు ఇంకా పెరిగింది. వెనక్కి వాలమనండి. రెండు వేళ్లూ సమానమయ్యాయి. వెనక్కి వాలినప్పుడు సర్దుకుంది కాబట్టి అది హాయిగా ఉండే దిశ అదే, దోషానికి పేరు కూడా ఆ దిశ మీదే పెడతాం. ఒంటరి వెన్నుపూస, వెనక్కి వాలిన స్థితి, కాబట్టి వెన్నుపూసల కదలికల గురించి ఫ్రయెట్ చెప్పిన రెండో సూత్రం ప్రకారం తిరగడం, పక్కకు వంగడం రెండూ ఒకే వైపు. టీ5 వెనక్కి వాలి, ఎడమకు తిరిగి, ఎడమకు వంగింది. ఇదంతా కాగితం మీద చదివితే రెండు రోజుల్లో మరిచిపోతారు. ఒకసారి వేళ్ల కింద ఆ ఎత్తు తగ్గడం తెలిశాక మరిచిపోవడం కష్టం. నొప్పి తగ్గే భంగిమలో రోగిని ఉంచే కౌంటర్‌స్ట్రెయిన్ చికిత్సలో 90 సెకన్లు పట్టి ఉంచాలని పుస్తకం చెబుతుంది. ఒక మనిషి చేతిని పట్టుకుని గడియారం చూస్తూ 90 సెకన్లు నిలబడి చూడండి, ఆ అంకె మీకు ఇంకెప్పుడూ తప్పదు. మజిల్ ఎనర్జీ అనే మరో చికిత్సలో రోగి వైద్యుని చేతికి ఎదురుగా మూడు నుంచి ఐదు సెకన్లు నెట్టాలన్నదీ అంతే. వేళ్లు అప్పజెప్పినది పరీక్షలో తల అప్పజెబుతుంది.

నాలుగోది కామ్‌సే. అది పరీక్ష పెట్టే మండలే అమ్మే నమూనా పరీక్ష. పుస్తకం కాదు, ఉష్ణమాపకం. దాన్ని చదువులా వాడకండి, జ్వరం చూసుకోవడానికి వాడండి. పరీక్షకు ఎనిమిది వారాల ముందు ఒకటి, మూడు వారాల ముందు మరొకటి చాలు. కొన్ని కళాశాలలు వీటిని తామే పెట్టి, ఇంత మార్కు వస్తేనే లెవెల్ 1కు పంపుతామంటాయి. మీ కళాశాల నియమం ఏమిటో ముందే కనుక్కోండి, ఆ ఖర్చు మీ మీద పడకపోవచ్చు. కామ్‌సేలో 450 దాటేవరకు అసలు పరీక్షకు కూర్చోవద్దని నా దగ్గరకు వచ్చే పిల్లలకు చెబుతాను. తక్కువ వస్తే తేదీని రెండు మూడు వారాలు జరపడంలో నామోషీ ఏమీ లేదు. తప్పిన పరీక్ష మీ రికార్డులో ఉండిపోతుంది, జరిపిన తేదీని ఎవరూ అడగరు.

మీ జాబితాలో మిగిలిన ఏడింటి గురించి త్వరగా చెప్పేస్తాను. వీడియోలు మంచివే, కానీ అవి చదివి వినిపించే జాతి. పాథాలజీ బలహీనంగా ఉంటే పథోమా అనే వీడియో పాఠాల్లో మొదటి అధ్యాయాలు చూడండి. ప్రతి వీడియో అయ్యాక తెర మూసి, విన్నది ఒక తెల్ల కాగితం మీద రాయండి. అలా రాయలేని రోజు వీడియో చూడకపోయినా నష్టం లేదు. ఒకవైపు ప్రశ్న, మరోవైపు జవాబు ఉండే ఆంకీ కార్డులు అప్పజెప్పించే జాతి, కంప్యూటర్లో ఉచితం కూడా. మొదటి ఏడాది నుంచి చేస్తుంటే కొనసాగించండి. ఇప్పటివరకు ముట్టుకోకపోతే మాత్రం, వేల కార్డుల కట్ట ఒకటి దించుకుని ఇప్పుడు మొదలుపెట్టకండి. రోజూ పేరుకునే బాకీ చూసి గుండె జారిపోతుంది. మీ తప్పుల పుస్తకం నుంచి రోజుకు పది కార్డులు మీరే రాసుకోండి. లావుపాటి సమీక్షా గ్రంథాలు రెండు ఉండే ఉంటాయి, ఒకటి గ్రంథాలయం నుంచి తెచ్చుకుని నిఘంటువులా వాడండి.

ఇంకొకటి ఉంది, అది మీ జాబితాలో లేకపోయినా త్వరలో ఎవరో ఒకరు పంపిస్తారు. ‘గత నెలలో వచ్చిన ప్రశ్నలు’ అని. మన దగ్గర ఎంసెట్, నీట్ పాత ప్రశ్న పత్రాలను పుస్తకాలుగా కట్టి అమ్ముతారు, వాటిని చేయడమే తయారీ. అందులో తప్పు లేదు, అవి బహిరంగంగా విడుదలైన పత్రాలు. కామ్‌లెక్స్ ప్రశ్నలు అలా విడుదల కావు. పరీక్ష రాసినవారు వాటిని బయటపెట్టనని ఒప్పుకుని లోపలికి వెళతారు. గుర్తు పెట్టుకుని రాసిచ్చినవారికీ, అవి పంచుకున్నవారికీ శిక్ష ఉంటుంది. ఫలితం రద్దు కావచ్చు, చదువే ఆగిపోవచ్చు. అటువంటి ఫైలు మీ ఫోనుకు వస్తే తెరవకుండా తొలగించండి. ఆ గుంపులోంచి బయటికి వచ్చేయండి. మన పిల్లలు దీన్ని పాత పేపర్ల అలవాటుతో చిన్న విషయంగా తీసుకుంటారేమోనని నాకు నిజంగా భయం.

మీరు యూఎస్‌ఎంఎల్ఈలో మొదటి పరీక్ష అయిన స్టెప్ 1 కూడా రాయాలా వద్దా అన్నది రాయలేదు. అది తేలితే జాబితా కూడా తేలుతుంది. స్టెప్ 1 ఫలితం 2022 జనవరి నుంచి, లెవెల్ 1 ఫలితం అదే ఏడాది మే నుంచి పాస్, ఫెయిల్ అని మాత్రమే వస్తున్నాయి, అంకెలు లేవు. కాబట్టి మీ అన్నయ్య రాస్తున్నాడని మీరూ రాయవలసిన పని లేదు. మీకు కావలసిన శాఖలో, మీరు చేరాలనుకునే చోట్ల రెసిడెన్సీ వారు యూఎస్‌ఎంఎల్ఈ అడుగుతున్నారా అన్నది మీ కళాశాల సలహాదారును అడిగి, ఈ నెలలోనే తేల్చుకోండి. రాయాలని తేలితే, స్టెప్ 1 ముందు పెట్టుకుని, వారం పది రోజుల తేడాతో లెవెల్ 1 పెట్టుకోండి. ఆ మధ్య రోజులన్నీ ఓఎంఎంకు, కామ్‌లెక్స్ బ్యాంకుకు. సామగ్రి మాత్రం అదే నాలుగు. పాస్ చాలు కదా అని లెవెల్ 1ను తేలికగా తీసుకోకండి, ప్రాణాలు తీసుకోనూ వద్దు. లెవెల్ 2కు మూడంకెల మార్కు వస్తుంది, పాస్ కావడానికి 400 కావాలి, రెసిడెన్సీ వారు ఇప్పుడు చూసేది ఎక్కువగా దాన్నే. ఈ ఐదు నెలల్లో ఏ జబ్బునైనా అర్థం చేసుకుని చదివితే అది ఆ రోజుకు నిల్వ ఉంటుంది.

పదకొండులో నాలుగు ఉంచి, వాటిలోనూ ఒకటి పాతదీ, ఒకటి మూడు నెలలకూ తీసుకుంటే మీరు చెప్పిన రెండు వేల డాలర్లలో పెద్ద భాగం మీ దగ్గరే ఉంటుంది.

అందుకని నాన్నగారిని పుస్తకం అడగకండి. మడిచి పెట్టుకునే చికిత్స బల్ల ఒకటి అడగండి. మంచం మెత్తగా ఉంటుంది, దాని మీద వెన్నుపూస దొరకదు. బల్ల గదిలో ఉంటే సాయంత్రాలు తోటి విద్యార్థులు తామే వస్తారు. ఒకరు పడుకుంటారు, ఒకరు చేయి పెడతారు, ఒకరు ఆకుపచ్చ పుస్తకం పట్టుకుని అడుగుతారు. నాన్నగారు దాన్ని కారులో తెచ్చి దించిన రోజున, మొదట ఆయననే దాని మీద పడుకోబెట్టండి. మెడ కింద నుంచి ఒక్కొక్క వెన్నుపూసనూ లెక్కపెట్టుకుంటూ కిందికి రండి, ప్రతిదాని పేరూ, దాని దగ్గర బయలుదేరే నాడి ఏ అవయవానికి వెళుతుందో ఆయనకు వినిపించేలా పైకి చెప్పండి. ఎక్కడ ఆగిపోయారో నాకు రాయండి.